అద్దంలో ముసలావిడ

స్నానం అనగానే మా అమ్మ అరిచేది. చేయి పట్టుకుంటే గిల్లేది. తెనాలి నుంచి బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్‌కు తెచ్చుకున్న మొదటి రెండు నెలలూ రోజూ ఇదే రభస. జ్ఞాపకశక్తి క్రమంగా పోయే అల్జీమర్స్ జబ్బు అని అప్పటికే తేలింది. అయినా నేను మొండితనమనే అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, రెండుమూడు సార్లు గట్టిగా కసిరాను కూడా.

ఒకరోజు తనే అంది: "ఆ ముసలావిడ చూస్తుంటే చీర ఎలా విప్పమంటావే?"

వాష్‌బేసిన్ మీది అద్దంలో తన ముఖాన్నే ఎవరో అనుకుంటోంది! అద్దానికి తువ్వాలు కప్పాను. షవరు మాన్పించి బకెట్టు, చెంబు, పీట పెట్టాను. ముందు పాదాల మీద గోరువెచ్చని నీళ్లు పోసి, తర్వాత చెంబు తన చేతికే ఇచ్చాను. గొడవ పూర్తిగా పోలేదు, వారానికి ఒకసారికి దిగింది. ఆ రోజు తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటాను.

తన గాజులు వంటావిడ తీసిందని అమ్మ అన్నప్పుడు మాత్రం బీరువా తెరిచి మరీ వాదించాను. "నువ్వే మార్చేశావు" అంది. ఇప్పుడైతే "పద, వెతుకుదాం" అంటాను. చాలాసార్లు దిండు గలీబులో ఉంటాయి. వంటావిడకు జబ్బు సంగతి ముందే చెప్పవలసింది. ఆమె పని మానేసింది.

మార్చిలో అమ్మ రెండు రాత్రులు కన్ను మూయలేదు, నన్ను కొట్టింది, లేనివాళ్లతో మాట్లాడింది. దగ్గర్లోని డాక్టరు మత్తుమాత్ర రాశారు. మర్నాడు తూలి పడబోయింది. మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకువెళ్తే వాళ్లు మొదట అడిగింది, ఈ మార్పు ఎన్ని రోజుల్లో వచ్చిందని. మూత్రంలో ఇన్‌ఫెక్షన్! యాంటీబయాటిక్‌తో వారంలో కుదుటపడింది. అల్జీమర్స్ నెమ్మదిగా ముదురుతుంది. ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే ఇన్‌ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, కొత్త మందు, ఇవి ముందు చూడాలట. ఉద్రేకం తగ్గించడానికి వాడే యాంటీసైకోటిక్ మందులతో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న వృద్ధులకు ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అందుకే తప్పనిసరైతేనే ఇస్తారు.

సాయంత్రాల సంగతి వేరు. పొద్దు వాలగానే "ఇంటికి పోదాం, గేదెకు కుడితి పెట్టాలి" అని తలుపు లాగుతుంది. గేదెను అమ్మేసి ఇరవై ఏళ్లయిందని చెబితే అప్పుడే పోయినట్టు ఏడ్చేది. ఇప్పుడు చీకటి పడకముందే లైట్లన్నీ వేసి, "పాలు ఎన్ని ఇచ్చిందమ్మా?" అని అడుగుతాను. నిన్న నాలుగు శేర్లు ఇచ్చిందట.