డార్క్ చాక్లెట్ గుండెకు నిజంగా మేలు చేస్తుందా?

డార్క్ చాక్లెట్ గుండెకు మంచిదన్న మాటలో నిజం లేకపోలేదు, కానీ ఆ నిజంలో ఎక్కువ వాటా కోకో గింజది, తక్కువ వాటా చాక్లెట్‌ది. కోకోలో ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైన ఎపికాటెకిన్ రక్తనాళాల లోపొరలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పెంచడం వల్ల నాళాలు కొద్దిగా సడలి రక్తపోటు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే, 35 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం సగటున 2 పాయింట్ల లోపే. పైగా ఆ ప్రయోగాలలో చాలావరకు కొద్ది వారాల పాటు జరిగినవే.

దీర్ఘకాలంలో ఏమవుతుందో చూడడానికి అమెరికాలో కాస్మాస్ అనే పెద్ద అధ్యయనం జరిపి, 2022లో ఫలితాలు ప్రకటించారు. అరవై దాటిన 21,442 మందిలో సగం మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ ఇచ్చి సుమారు మూడున్నరేళ్లు గమనించగా, గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలన్నీ కలిపి 10 శాతం తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని గణాంకపరంగా తేలలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తగ్గాయి. ఆశ కలిగించే సంఖ్యే, అయితే అధ్యయనం ప్రధానంగా వేసుకున్న ప్రశ్నకు సమాధానం అది కాదు. ఖర్చులో కొంత భాగం భరించినది చాక్లెట్ తయారీ సంస్థ మార్స్‌కు చెందిన విభాగమే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఇచ్చినవి కోకో సారం నింపిన గొట్టం మాత్రలు, చాక్లెట్ ముక్కలు కావు.

ఈ తేడా ఎంత పెద్దదో ఏలూరు జిల్లాలో మా చిన్నాన్నగారి కొబ్బరితోట చూసినవారికి సులువుగా అర్థమవుతుంది. అక్కడ కొబ్బరి నీడన అంతరపంటగా పెరిగే కోకో కాయలను పగులగొట్టి, తెల్లటి జిగురు గుజ్జుతో సహా గింజలను పెట్టెలలో పోసి, గోనెపట్టాలు కప్పి, మధ్యమధ్య తిరగవేస్తూ దాదాపు వారం రోజులు పులియబెడతారు. చెయ్యి పెడితే వేడి తగులుతుంది, ఘాటైన పులుపు వాసన వస్తుంది. చాక్లెట్ రుచికి పునాది అక్కడే పడుతుంది, ఫ్లేవనాల్స్‌కు మొదటి దెబ్బ తగిలేదీ అక్కడే. తరువాత ఫ్యాక్టరీలో వేయించినప్పుడు మరికొన్ని పోతాయి. చేదు, వగరు తగ్గించి రంగు పెంచడానికి క్షారంతో శుద్ధి చేస్తే మిగిలినవాటిలోనూ చాలా భాగం నశిస్తుంది. ముదురు రంగు చూసి బలమైన కోకో అనుకోవడం అందుకే పొరపాటు.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి సూపర్‌మార్కెట్‌లో చాక్లెట్ అట్టల వెనుక వైపు చదివితే కోకో శాతం కనిపిస్తుంది, ఫ్లేవనాల్స్ లెక్క కనిపించదు. కొన్నిటి మీద శుద్ధికి వాడిన క్షారాలను సూచించే 500, 501 అన్న సంఖ్యలు మాత్రం ఉంటాయి. 70 శాతానికి పైబడిన చాక్లెట్‌లోనూ 100 గ్రాములకు 600 కేలరీల దాకా, సుమారు 24 గ్రాముల చక్కెర, దాదాపు అంతే సంతృప్త కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో కొంత భాగమైన స్టియరిక్ ఆమ్లం కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదన్నది నిజమే గాని, బరువుకు ఆ మినహాయింపు లేదు. పాల చాక్లెట్ సంగతి ఇక చెప్పనక్కరలేదు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023లో గుండె ఆరోగ్యం గురించిన ప్రకటనకు అనుమతినిచ్చింది కూడా ఫ్లేవనాల్స్ అధికంగా ఉన్న కోకో పొడికే. ఆధారాలు చాలా పరిమితమని దాని మీద రాయాలన్నది షరతు. చాక్లెట్‌కు ఆ అనుమతి వర్తించదు.

మా అపార్ట్‌మెంట్‌లో స్టెంట్ వేయించుకున్న పెద్దాయన ఒకరు రాత్రి భోజనం తరువాత రెండు చిన్న ముక్కలు తింటారు. ఆయనకు మధుమేహం లేదు, నడక మానరు, కాబట్టి ఆ రెండు ముక్కల మీద నాకు పేచీ లేదు. "ఇది తింటున్నాను కదండీ, కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయవచ్చా?" అని అడిగినప్పుడు మాత్రం, ఆ మాట ముందు డాక్టరుగారితో అనండి, అప్పటిదాకా మాత్ర ఆపకండి అని గట్టిగానే చెప్పాను.