లాక్ పట్టుకుని ఎదురుచూస్తే

లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) నుంచి నేను రాసిన డ్రైవర్ తీసేద్దామని ఆర్‌ఎమ్‌మాడ్ అనే కమాండ్ కొట్టాను. టెర్మినల్ అలాగే ఉండిపోయింది. కాసేపటికి కెర్నెల్ లాగ్‌లో ఒక లైన్: టాస్క్ 120 సెకన్లకు పైగా బ్లాక్ అయింది.

ఋషికొండ ఆఫీసులో అప్పటికి మిగిలింది నేనూ, మా సీనియర్ అన్నా. ఆయన నా వెనక నిలబడి కోడ్ చూసి ఒకటే అడిగారు: "తమ్ముడూ, క్యాన్సిల్ చేసేటప్పుడు నీ చేతిలో ఏ లాక్ ఉంది?"

అంతే, అర్థమైపోయింది. మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరే పట్టుకోగల లాక్) పట్టుకుని, వాయిదా వేసిన పనిని రద్దు చేసే క్యాన్సిల్_వర్క్_సింక్ ఫంక్షన్‌ను పిలిచాను. నడుస్తున్న పని పూర్తయ్యేదాకా అది కదలదు. ఆ పనికేమో అదే మ్యూటెక్స్ కావాలి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోయారు.

ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ పిలుపు) వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్‌లో నిద్రపోకూడదు, అంటే ఆగి ఎదురుచూడకూడదు. కాబట్టి బరువైన పనిని వర్క్‌క్యూకి (తర్వాత చేసే పనుల వరసకి) వాయిదా వేస్తాం. ఇన్నాళ్లూ నా ధ్యాసంతా ఆ వాయిదా మీదే. దాన్ని ఆపడానికీ ఒక వరస ఉంది: ముందు ఇంటరప్ట్ ఇక మన హ్యాండ్లర్‌కి రాకుండా విడుదల చెయ్యాలి, లేకపోతే అది మళ్లీ పనిని క్యూలో పెడుతుంది. తర్వాత లాక్ లేకుండా క్యాన్సిల్. ఆఖరున మెమరీ ఫ్రీ. సింక్ లేని క్యాన్సిల్ అయితే నడుస్తున్న పని కోసం ఆగదు, అప్పుడు ఫ్రీ చేసిన మెమరీనే పని తాకుతుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే రోజూ కనబడదు.

లాక్‌డెప్ (లాక్ పొరపాట్లు పట్టుకునే కెర్నెల్ సాధనం) ఆన్ చేసి పాత కోడ్ మళ్లీ నడిపాం. ఈసారి హెచ్చరిక సూటిగా ఆ లాక్ వైపే చూపించింది. టెస్ట్ బిల్డ్ కాన్ఫిగ్‌లో ఇక దాన్ని ఆన్‌లోనే ఉంచాను.

బయటికొచ్చేసరికి బీచ్ రోడ్డు ఖాళీ. అన్న బండి మీద దింపుతూ దారంతా డిలేడ్ వర్క్ (కొంత సమయం ఆగి నడిచే పని) గురించే చెప్పారు.