నేను దాటేసిన సగం వచనం

మొదట్లో మామూలు దగ్గే అనుకున్నా. ఒక సిరప్, అది పనిచెయ్యకపోతే ఇంకో సిరప్, సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, తెల్లారేసరికి చెమటతో దిండు తడిసిపోవడం, ఇన్ని కనిపిస్తున్నా పని ఎక్కువై ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఒకరోజు మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఇదేంటి ఎముకే తగులుతోంది అన్నాడు. బరువు చూసుకుంటే 58 కిలోలదాన్ని 47కి వచ్చేశాను. కఫం టెస్ట్ చేశారు, ఎక్స్‌రే తీశారు, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. టీబీ అన్నారు.

ఆ మాట వినగానే ఎన్ని నెలలు మందులు వాడాలి, తగ్గుతుందా తగ్గదా అని నేను అడగలేదు. దేవుడు నన్ను పట్టుకున్నాడు, అదొక్కటే నా మనసులోకి వచ్చింది. ఎందుకంటే అప్పటికి మూడేళ్ళుగా నేను మా అక్కతో మాట్లాడట్లేదు. అమ్మ చివరి రోజుల్లో ఎవరు చూసుకోవాలి అన్న దగ్గర మొదలైన మాట పెరిగి పెరిగి అమ్మ పోయాక కూడా ఆగలేదు, ఆ కోపం అలాగే కడుపులో పెట్టుకుని నేను ప్రతిసారీ ప్రభు బల్లలో, అంటే చర్చిలో రొట్టె ద్రాక్షారసం తీసుకునే ఆచారంలో, పాలుపొందుతూనే ఉన్నాను. ఆ బల్లలో అయోగ్యంగా పాలుపొందేవాళ్ళ గురించి 1 కొరింథీయులకు 11లో ఆ మాట ఉంది కదా, "ఇందువలననే మీలో అనేకులు బలహీనులును రోగులునై యున్నారు" అని. అది పౌలు నాకోసమే రాశాడు అనిపించింది.

ఇక రాత్రిళ్ళు నిద్రపట్టక బైబిల్లో జబ్బుపడ్డవాళ్ళందర్నీ వెతకడం మొదలుపెట్టా. మిర్యాముకు కుష్ఠు, గేహజీకి కుష్ఠు, ఉజ్జియా రాజుకు నుదుటి మీద కుష్ఠు, హేరోదును పురుగులు తిన్నాయి, అందరికీ చేసిన తప్పుకి శిక్షగానే. నాకు కావాల్సింది అవే, అందుకే అవే దొరికాయి. అదే బైబిల్లో యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా వీడి కన్నవాళ్ళా అని శిష్యులు అడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడని నాకు తెలియక కాదు, సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. అయినా ఆ జవాబు వేరేవాళ్ళకి, నాకు కాదు అనిపించేది.

మందులు మొదలుపెట్టాను. నాలుగు మందులు కలిపిన మాత్రలు నా బరువుకి రోజుకు మూడు, పొద్దున్నే పరగడుపున. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుంది భయపడకండి అని ముందే చెప్పారు, చెప్పినా మొదటిరోజు గుండె ఆగినంత పనైంది. మా బాబుకి అప్పుడు నాలుగేళ్ళు. వాడికి జబ్బు లేదని తేలింది కానీ నాతోనే పడుకుంటాడు కాబట్టి రాకుండా ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ అనే మాత్ర ఇవ్వాలన్నారు. రెండు నెలలకి కఫం నెగెటివ్ వచ్చింది, నాలుగు మందులు మూడయ్యాయి, దగ్గు పోయింది, బరువు పెరిగింది. ఇంకా నాలుగు నెలలు తప్పకుండా వాడాలి, బాగున్నట్టు అనిపించినా లోపల నిద్రపోతున్నట్టుండే క్రిములు ఉంటాయి, అవి పోవాలంటే టైమ్ పడుతుంది అని డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది.

మూడో నెల చివర్లో ఒక స్వస్థత కూడికకి వెళ్ళాను. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు యెషయా 53:5 తీసి "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అన్నది మా అందరి చేత పదిసార్లు చెప్పించాడు. సిలువ దగ్గర పాపంతో పాటు రోగానికి కూడా వెల చెల్లించేశారు, అప్పు తీరిపోయాక మళ్ళీ వాయిదాలు కట్టేవాడు ఎవడైనా ఉంటాడా అన్నాడు. తర్వాత 2 దినవృత్తాంతములు 16 తీసి, ఆసా రాజు పాదాల్లో జబ్బు వస్తే దేవుణ్ణి అడక్కుండా వైద్యుల్ని పట్టుకున్నాడు, చచ్చాడు అన్నాడు. మాత్రలు ఆపెయ్యమని ఆయన నోటితో అనలేదు, ఆ మాట నేనే నాకు చెప్పుకున్నా. ఏడుస్తూ ముందుకు వెళ్ళాను, నూనె రాసి ప్రార్థన చేశారు, ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ తేలికదనం అబద్ధం అని ఇప్పటికీ నేను అనను. కానీ ఇంటికొచ్చి నా మాత్రలు బీరువా పైన పెట్టేశాను.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. బాబు మాత్ర నేను ఆపలేదు. నాకు విశ్వాసం అంత గట్టిగా ఉంటే వాడికి మాత్రం రోజూ నీళ్ళలో కలిపి ఎందుకు ఇచ్చాను? వాడి దగ్గరకొచ్చేసరికి చెయ్యి వణికింది. అప్పుడే అర్థం కావాల్సింది నాకు, నేను దేవుణ్ణి నమ్మట్లేదు, నాకు శిక్ష పోయింది అని ఒక రుజువు కావాలి, ఆ రుజువు నా ఊపిరితిత్తుల్లోంచి లాక్కోవాలని చూస్తున్నాను. స్వస్థత కన్నా ఎక్కువగా నేను తీర్పు నుంచి తప్పించుకోవాలని చూశాను.

రెండున్నర నెలలు. ఒకరోజు పొద్దున దగ్గితే తెల్ల టవల్ మీద రక్తపు చారలు.

మళ్ళీ కఫం, మళ్ళీ ఎక్స్‌రే, ఈసారి మందులకి లొంగని రకమైందేమో అని ఇంకో టెస్ట్. ఆ రిజల్ట్ వచ్చేదాకా నేను బతికిన విధానం ఎవరికీ రాకూడదు, ఎందుకంటే నా ఒక్కదాని సంగతి కాదు, పక్కలో పడుకునే పిల్లాడి సంగతి. వాడికీ ఎక్స్‌రే తీశారు, బాగానే ఉన్నాడు. నా క్రిమి మందులకి లొంగే రకమే అని వచ్చింది. మొదటి రోజు నుంచి మళ్ళీ ఆరు నెలలు. డాక్టరమ్మ తిట్టలేదు, తిట్టుంటే బాగుండేది, ఎందుకు ఆపారు అని ఒక్కసారి అడిగి నేను తల దించుకుంటే ఇంకేం అనకుండా చీటీ రాసింది.

ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడే యెషయా 53 మళ్ళీ తీశాను, నిజానికి కోపంతో తీశాను. ఈసారి 5వ వచనం దగ్గర మొదలుపెట్టకుండా పైనుంచి చదువుకుంటూ వచ్చా. 4వ వచనం మొదటి సగం నాకు కంఠతా వచ్చు, "నిశ్చయముగా అతడు మన రోగములను భరించెను". రెండో సగం కూడా ఎన్నిసార్లో చదివి ఉంటాను కానీ ఎప్పుడూ కళ్ళకి ఆనలేదు. అతన్ని మొత్తబడినవాడు, దేవుని వలన బాధింపబడినవాడు అని "మనమతనిని ఎంచితిమి". అక్కడే ఆగిపోయాను. నేను నా గురించి ఇన్ని నెలలుగా ఏమనుకుంటున్నానో అదే మాట. దేవుడు కొట్టాడు. యేసుని చూసి కూడా జనం అదే అనుకున్నారు, తన పాపానికి తనే పడుతున్నాడు అని. నన్ను నేను ఏ చోట నిలబెట్టుకుని తిట్టుకుంటున్నానో ఆ చోట ఆయన ముందే నిలబడి ఉన్నాడు, అదీ ఏ తప్పూ లేకుండా. ఆ రోజు మాస్క్ లోపలే ఏడ్చాను, ఊపిరాడలేదు.

అప్పటి నుంచి తీరిగ్గా చదవడం మొదలైంది, ఎలాగూ ఇంకేం పని లేదు. లేవీయకాండం 16లో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలుంటాయి, ఒకదాన్ని వధిస్తారు, రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ ఉంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుంటాడు, అది వాటిని మోసుకుని అరణ్యంలోకి వెళ్ళిపోతుంది. ఆ మేక మోసిందని చెప్పే చోటా, యెషయా 53:4లో మన రోగాలు భరించాడని చెప్పే చోటా హీబ్రూలో మాట ఒకటే. అంటే రోగం అనే మాట అక్కడ ఊరికే పడలేదు, సిలువలో మన ఒంటికి కూడా భాగం ఉంది. ఇది నేను ఇప్పుడు ఇంకా గట్టిగా నమ్ముతాను. మత్తయి 8లో యేసు పేతురు అత్త జ్వరం తగ్గించి, సాయంత్రం వచ్చిన రోగులందర్నీ బాగుచేసినప్పుడు మత్తయి ఎత్తి చూపించింది ఈ వచనాన్నే. కానీ పేతురు అదే అధ్యాయంలోని గాయాల మాట తన మొదటి పత్రిక 2:24లో రాసింది ఎవరికో తెలుసా, కఠినమైన యజమానుల దగ్గర అన్యాయంగా దెబ్బలు తింటున్న పనివాళ్ళకి. వాళ్ళ ఒంటి మీద గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, అలాంటివాళ్ళతో మీరు స్వస్థత పొందారు అంటున్నాడు. పాపాల విషయంలో చచ్చి నీతి విషయంలో బతకడం గురించి చెబుతూ అన్నాడు ఆ మాట. ఇది నాకు ఏ కూడికలోనూ ఎవరూ చెప్పలేదు.

వెల చెల్లించడం అయిపోయింది, నిజమే. కానీ రోమా 8:23లో ఆత్మ యొక్క ప్రథమ ఫలాలు పొందిన మనమే దేహపు విమోచన కోసం కనిపెడుతూ లోపల మూలుగుతున్నాం అని ఉంది. మూలగడం అవిశ్వాసం అయితే పౌలు అలా రాయడు. ఆయనే త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలేసి వచ్చాడు, తిమోతికి కడుపు జబ్బుకి కొద్దిగా ద్రాక్షారసం వాడమన్నాడు, తన ఒంట్లో ముల్లు లాంటి బాధ తీసెయ్యమని మూడుసార్లు అడిగితే "నా కృప నీకు చాలును" అన్న జవాబు తెచ్చుకున్నాడు. చనిపోయిన లాజరును లేపాడు ప్రభువు, ఆ లాజరు కూడా మళ్ళీ ఒకరోజు చనిపోయే ఉంటాడు కదా.

ఆసా సంగతి కూడా పూర్తిగా చదివా. ఆ అధ్యాయం జబ్బుతో మొదలవ్వదు. ముందు ఆసా దేవుణ్ణి వదిలి సిరియా రాజు బెన్హదదుకు గుళ్ళో వెండి బంగారం ఇచ్చి సాయం కొనుక్కుంటాడు, అది తప్పని చెప్పిన ప్రవక్త హనానీని జైల్లో వేస్తాడు, జబ్బు చాలా తర్వాత. ఆయన తప్పు వైద్యుడి దగ్గరికి వెళ్ళడం కాదు, దేవుడి మొహం చూడనని మొండికెయ్యడం. అదే హిజ్కియా రాజుని చూడండి, చావుబతుకుల్లో గోడవైపు తిరిగి ఏడిస్తే దేవుడు విన్నాడు, 15 ఏళ్ళ ఆయుష్షు ఇచ్చాడు, ఇచ్చేసి ఏం చెయ్యమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద పెట్టమన్నాడు, చెప్పింది సాక్షాత్తు యెషయా. అది యెషయా 38లో ఉంది. గాయాల వల్ల స్వస్థత అన్నది 53లో. ఒకే పుస్తకం. నేను 53 పట్టుకుని 38 వదిలేశాను. అప్పటినుంచి ప్రతి పొద్దున మాత్రలు చేతిలో వేసుకున్నప్పుడు, ఇవి నా అంజూరపు ముద్ద ప్రభువా అని చెప్పి మింగేదాన్ని.

మరి అక్క సంగతి? నా జబ్బు పాపం వల్ల కాదు అని తేల్చేసుకుని ఆ కోపాన్ని అలాగే ఉంచుకోవచ్చా? అలా కుదరలేదు. యాకోబు 5:15లో "అతడు పాపములు చేసినవాడైతే" అని ఉంటుంది. ఆ "అయితే" నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. రోగి ప్రతివాడూ పాపం చేశాడని కాదు, చేసి ఉంటే దానికీ క్షమాపణ ఉంది, ఒకరితో ఒకరు ఒప్పుకోండి అని తర్వాతి వచనం. 1 కొరింథీ 11 కూడా నేను 30 దగ్గర ఆగిపోయాను, 32 దాకా వెళ్ళలేదు, లోకంతో పాటు మనకి శిక్షావిధి రాకూడదనే ప్రభువు మనల్ని శిక్షిస్తున్నాడు అంటుంది అది. జడ్జి వేసే శిక్ష వేరు, తండ్రి చెవి మెలెయ్యడం వేరు. నా జబ్బు అందులో ఏది అని ఎవరైనా అడిగితే చెప్పలేను. క్రిమి గాలిలోంచి వచ్చింది, అది తెలుసు. మంచాన పడ్డాక నా కోపం నాకు కనబడింది, అదీ తెలుసు.

ఫోన్ చేశాను. అక్కా అన్నాను, ఇంకేం రాలేదు నోట్లోంచి. అటునుంచి చాలాసేపు ఏమీ లేదు, తర్వాత, "ముందు మందు వేసుకున్నావా లేదా అది చెప్పవే" అంది. ఆ రాత్రి జ్వరం తగ్గుతుందేమో అని ఒక ఆశ, నిజం చెప్తున్నా, థర్మామీటర్ పెట్టుకుని మరీ చూశా. 101. తగ్గలేదు. అక్కకి ఫోన్ చేసింది జ్వరం తగ్గడానికి కాదు అని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

అదే ఆసుపత్రిలో పక్క మంచం మీద ఒకావిడ ఉండేది, మందులకి లొంగని టీబీ ఆవిడది. నాకన్నా ఎంతో ప్రార్థనాపరురాలు, దగ్గు తెరల మధ్యలో పాట అందుకునేది, ఒక్క డోసు కూడా ఆపలేదు. ఆవిడ చనిపోయింది. విశ్వాసం చాలక పోయింది అని ఎవరైనా నా ముందు అంటే నేను ఊరుకోను. ఏ తప్పూ లేకుండానే బాధపడుతున్న యోబుతో అతని స్నేహితులు కూడా అలాగే మాట్లాడారు, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదని దేవుడు వాళ్ళ మీద కోపపడ్డాడు, వాళ్ళకోసం ప్రార్థన చెయ్యాల్సింది మళ్ళీ ఒళ్ళంతా పుళ్ళున్న ఆ యోబే. తీర్పు అన్నది ఉంది, హెబ్రీ 9:27 నేను నమ్ముతాను, అందరం నిలబడాలి. అందుకే ఎవరి ఎక్స్‌రే చూసీ ఆ తీర్పు ముందే చెప్పే పని మనది కాదు.

ఆరు నెలలూ ఒక్కరోజు తప్పకుండా వాడాను. కఫం నెగెటివ్, బరువు 55. ఎక్స్‌రేలో మచ్చ అలాగే ఉంటుందట, అది మానిన గాయమే అన్నారు. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, స్వస్థత కూడిక సంగతి, మాత్రలు ఆపిన సంగతి, రక్తం పడిన సంగతి అన్నీ చెప్పాను. కొంతమందికి నచ్చలేదు. పాస్టర్ గారు మాత్రం లేచి నిలబడి, మందులు వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ మందుల మీదే ప్రార్థన చేద్దాం తెండి అన్నారు.

ఆ తర్వాతి వారం ఒకమ్మాయి ఒంటరిగా వచ్చి నా పక్కన కూర్చుంది, ఆంటీ నాకూ అదే అంది, అని వెంటనే, నేనేం చేశానో నాకు తెలియట్లేదు అంది. యెషయా 53 తీసి 4వ వచనం ఇద్దరం చదివాం, రెండో సగంతో సహా. అప్పటినుంచి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తున్నా, తను మాత్రలు మింగేదాకా కూర్చుని ప్రార్థన చేసుకుని వస్తాను. నిన్నటితో 56 డోసులు అయ్యాయి. రేపు కఫం టెస్ట్, తనతో పాటు నేనూ వెళ్తున్నా, అక్క కూడా వస్తానంది.