బెత్తెడు అధికారులు, నడుములోతు మురుగు

కాలువల్లో, గట్ల మీద పెట్టడానికి నేను చేస్తున్న చిన్న సిమెంటు బొమ్మల్లో రెండో విడత పూర్తయింది. ఈసారి విషయం మురుగు కాలువ పూడికతీతపై సమీక్షా సమావేశం. బల్ల చుట్టూ కుర్చీలు, వాటిలో బెత్తెడు మనుషులు, చేతుల్లో ఫైళ్లు, నడుముదాకా నీళ్లు. పూడిక తీయకపోతే మురుగు కదలదు, పొలాలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు మానేసినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ మునక గోడు కూడా వినిపించింది.

మూల బొమ్మలు ఒండ్రుమట్టితోనే. అచ్చు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో, రెండు ముక్కలుగా. మొదటి ముక్క గట్టిపడ్డాక దాని అంచుకు సబ్బునీళ్లు దట్టంగా రాయాలి, లేకపోతే రెండోది దానికే అతుక్కుంటుంది. సిమెంటు నింపే ముందు అచ్చు లోపల కొబ్బరినూనె పల్చగా పూస్తే చాలు. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్లు ఇసుక, సన్న జల్లెడ పట్టింది. సముద్రపు ఇసుక వద్దు, అందులోని ఉప్పు బొమ్మ లోపల పెట్టే ఇనుప తీగను తినేస్తుంది. ముద్దను పిడికిట్లో నొక్కితే నిలవాలి, నీళ్లు కారకూడదు. మెడలు, మణికట్లు విరగకుండా కొబ్బరి పీచును గోరంత ముక్కలుగా కత్తిరించి కలిపాను. అచ్చు విప్పాక వారం రోజులు తొట్టినీళ్లలో ఉంచడం తప్పదు. సమావేశం మొత్తాన్ని ఒకే సిమెంటు పలక మీద కూర్చోబెట్టాను. ప్రవాహానికి ఒక్కొక్కరూ విడిగా కొట్టుకుపోతే కోరం ఉండదు కదా!

రోడ్లు, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఉత్తర్వు ఇచ్చింది. అందుకే తెలిసిన రైతును అడిగి, ఆయన పొలంలోని చిన్న కాలువలో, బోదెలోనే పెట్టాను.

మర్నాటి నుంచే పేచీ. "ఆ బొజ్జాయన మా నాయకుడేనట కదండీ?" అని టీకొట్టు దగ్గర ఒకాయన నిలదీశారు. ముఖమే చెక్కలేదండీ అన్నాను. "బొజ్జ చాలదా?" అన్నారు. ఎవరో దాని మెడకు వేలెడు పార్టీ కండువా కట్టారు. రెండు రోజులకు రంగు మారింది. నేను వేటినీ తీయలేదు. కాటన్ దొర నుంచి నిన్నటి నాయకుడి దాకా మన కూడళ్లలోని విగ్రహాలకు పేరుంటుంది, దండ వేసే తేదీ ఉంటుంది, ఎన్నికలొస్తే ముసుగూ పడుతుంది. పేరులేని బొమ్మ ఎదురైతే పేరు పెట్టేదాకా జనానికి నిద్రపట్టదు. స్పెయిన్ శిల్పి ఇసాక్ కోర్డల్ 2011లో బెర్లిన్‌లో నీటిగుంటలో పెట్టిన సిమెంటు బొమ్మల ఫొటో కూడా 'భూతాపంపై చర్చిస్తున్న రాజకీయ నాయకులు' అన్న పేరుతోనే లోకమంతా తిరిగింది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు.

రంగు వేయమని కొందరు అడుగుతున్నారు. వేయను. పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్ నగరంలో 1980లలో గోడల మీద కనిపించి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని వెక్కిరించిన మరుగుజ్జు బొమ్మ ఇప్పుడు పర్యాటకుల ముచ్చటైపోయింది. రంగు పూస్తే వీటికీ అదే గతి.

తర్వాతి విడత విషయం లంకల కోత, అంటే గోదావరి నడుమ లంక భూములను నది కోసేయడం. ఆ బొమ్మలకు సిమెంటు పనికిరాదు, గట్టుతో పాటే కరిగి జారిపోవాలి. కాల్చని పచ్చిమట్టితో, పీచు లేకుండా చేయబోతున్నాను. వరద రాకముందే ఆరాలి కనుక ఈ వారమే మట్టి నానబెడుతున్నాను.