మా వాడి మాటల కోసం తిరిగిన తిరుగుడు – నా అనుభవం

మొన్న మా వీధిలో ఉండే ఒకామె పాపని చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. పాపకి రెండేళ్ళు దాటినాయంట, పేరు పెట్టి పిలిస్తే తిరగదంట, ఒక్క మాటా లేదంట. "అక్కా, ఈ సెంటర్లో చేర్పిస్తే ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ అంటున్నారు, చేర్పించమంటావా" అని ఒక పాంప్లెట్ చేతిలో పెట్టింది. దాని మీద పేరు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమెకి చెప్పాల్సింది చెప్పి పంపించా గానీ రాత్రి నిద్ర పట్టలా, ఇట్టాంటి తల్లులు ఇంకెంత మంది ఆ పాంప్లెట్ పట్టుకుని తిరుగుతా ఉన్నారో అనిపించి మొత్తం రాస్తున్నా.

మాది కావలి. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటారు. మా వాడికి ఇప్పుడు నాలుగున్నరేళ్ళు.

ఏడాదిన్నరప్పుడు నాకు అనుమానం వచ్చింది మాటలు లేవని కాదు, వేలు పెట్టి చూపించడంలేదని. మా ఆడబిడ్డ కూతురు వీడికంటే చిన్నది, గోడ మీద కాకి వాలితే చాలు "ఆ! ఆ!" అని వేలు చూపించి మళ్ళీ మన మొహం వంక చూసేది, నువ్వూ చూశావా అన్నట్టు. మా వాడికి ఏదన్నా కావాలంటే నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఫ్రిజ్ తలుపు మీద పెట్టేవాడు, నా మొహం మాత్రం చూసేవాడు కాదు. ఇంట్లో ఎవరి మాట వాళ్ళది. మా మామ "వాళ్ళ నాయనకి కూడా నాలుగేళ్ళకి గానీ మాటలు రాలా" అంటారు, మా అత్త వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది, ఒక బంధువు నాలిక కింద తీగ కత్తిరిస్తే గలగలా మాట్లాడతాడని ఊదరగొట్టినాడు. రొట్టెల పండక్కి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె కూడా పట్టుకున్నాం. అది మా నమ్మకం, దాన్ని ఎవరన్నా తప్పు పడితే నేను ఊరుకోను, కానీ రొట్టె పట్టుకున్నాం కదా అని డాక్టరు దగ్గరికి పోవడం ఆపలా.

పిల్లల డాక్టరు మంచాయన. ఏడాదికల్లా పేరు పిలిస్తే తిరగాలి, టాటా చెప్పడం, వేలు చూపించడం లాంటివి మొదలవ్వాలి, 16 నెలలకి ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్ళకి "పాలు కావాలి" లాగా రెండు మాటలు కలిపి సొంతంగా అనకపోయినా ఆగకూడదు, చూపించాలి అని చెప్పినారు. ఎం-చాట్ అని 20 ప్రశ్నలు ఉంటాయి, 16 నుంచి 30 నెలల పిల్లలకి, అవి అడిగినారు. అది జబ్బు తేల్చే పరీక్ష కాదు, ఇంకా లోతుగా చూడాలా వద్దా అని చెప్పేది మాత్రమే. తర్వాత చెవి టెస్ట్, బెరా అంటారు, తెల్లారుజామునే లేపి నిద్ర లేకుండా తీసుకుపోయి, సిరప్ పోసి నిద్రపుచ్చి తల మీద వైర్లు పెట్టి చేస్తారు, నార్మల్ వచ్చింది. టీవీలో యాడ్ వస్తే పరిగెత్తుకుంటా వస్తాడు కాబట్టి చెవులు బానే ఉన్నాయి అని ఈ టెస్ట్ వదిలేస్తారు చాలామంది, వదలొద్దు. తర్వాత పెద్ద డాక్టరు ఆటిజం అని (మెదడు ఎదిగే తీరులో తేడా, నలుగురితో కలవడం, చెప్పుకోవడం కష్టమవుద్ది) రాసిచ్చి, వెంటనే స్పీచ్ థెరపీ మొదలుపెట్టమన్నారు. ఆరోజు ఇంట్లో ఎవ్వరం అన్నం తినలా.

ఇక ఆ పాంప్లెట్లో ఉన్న సెంటరు సంగతి, మేం మొదట చేర్పించింది అక్కడే.

ఏసీ, గోడల నిండా బొమ్మలు, రిసెప్షన్లో అమ్మాయి. ఆరు నెలల ఫీజు ముందే కట్టాలన్నారు, రొయ్య రేటు పడిపోయి ఉంది, అయినా గాజులు తాకట్టు పెట్టి కట్టినాం. పిల్లోడిని లోపలికి తీసుకుపోయి తలుపేస్తారు, మనం బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. తల్లి లోపలుంటే పిల్లోడు మారాం చేస్తాడంట. లోపల్నుంచి వాడి ఏడుపు వినపడతా ఉంటుంది, థెరపీ చేసే మేడం గొంతు "సే యాపిల్, సే యాపిల్" అని వినపడతా ఉంటుంది. బయటికొచ్చినాక ఏం చేశారు మేడం అంటే డైరీలో "కంప్లయన్స్ పూర్", అంటే చెప్పిన మాట వినడు అని రాసిచ్చేది. ఇంటికొచ్చి మేం ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పదు. పైగా ఇంట్లో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లోడు కన్ఫ్యూజ్ అవుతాడు అనింది. మా అత్తకి ఇంగ్లీషు ఎక్కడిది? పొద్దస్తమానం మనవడిని ఒళ్ళో వేసుకుని చందమామ రావే పాడే మనిషి, బిడ్డకి నా వల్ల చెడు జరుగుద్దేమో అని నోరు మూసుకుని కూర్చునేది. వాడు వచ్చి ఒళ్ళో పడుకుంటే వీపు నిమిరేది గానీ నోరు తెరిచేది కాదు. ఆ పాపం ఆ మేడందే అని ఈరోజుకీ అంటా. ఇంట్లో రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాటలు ఇంకా వెనకబడవు అని ఎన్నో పరిశోధనల్లో తేలింది, మనకి ప్రేమగా వచ్చే భాషలో మాట్లాడాలి, అంతే.

అప్పటికి వాడు ఒక మాట అంటా ఉండేవాడు, "దయచేసి వినండి" అని. సాయంత్రం పూట వాళ్ళ నాయన బండి మీద కావలి స్టేషన్‌కి తీసుకుపోయి రైళ్ళు చూపించేవారు, అక్కడ మైకులో వచ్చేది అదే. అదే గొంతు, అదే రాగం, అచ్చు దించేవాడు. కొన్నాళ్ళకి బయటికి పోవాలనిపించినప్పుడల్లా వీధి తలుపు దగ్గర నిలబడి "దయచేసి వినండి" అనేవాడు. మా ఇంట్లో పనిమనిషికి కూడా తెలుసు దాని అర్థం.

ఒకరోజు పేరెంట్స్ మీటింగ్ అన్నారు. తల్లిదండ్రులందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఆ మేడం తన ఫోన్‌ని పెద్ద టీవీకి కనెక్ట్ చేసి ఒక వీడియో వేసింది. చూస్తే మావాడు. మూసిన తలుపు దగ్గర నిలబడి, రెండు అరచేతులు తలుపుకి ఆనించి, చీమిడి కారతా, "దయచేసి వినండి, దయచేసి వినండి" అంటా ఉన్నాడు. మేడం దాన్ని ఆపి, "ఇది చూడండి, మీనింగ్ లేని మాటలు, తల్లి సీరియల్ చూసుకుంటా పిల్లోడికి ఫోన్ ఇచ్చేస్తే ఇట్టా తయారవుతారు, ఇట్టా అన్నప్పుడల్లా మేము 'సైలెంట్' అని పెదాల మీద వేలు పెట్టి ఆపుతాం, మీరూ ఆపాలి" అని చెప్పింది. వెనకాల ఇద్దరు ముగ్గురు నవ్వినారు. వాడు తలుపు తియ్యమని అడుగుతా ఉన్నాడు. నేను ఆ తలుపుకి ఇవతల, కుర్చీలోనే ఉన్నా. వాడికి తెలిసిన ఒకే ఒక్క మాటతో అమ్మ దగ్గరికి పంపించమని అడిగితే వాడి నోటి మీద వేలు పెట్టి నొక్కినారు, అది నలుగుర్లో వేసి చూపించినారు.

నేను లేచి నిలబడి దాని అర్థం ఇదీ మేడం అని చెప్పబోతే, "స్పీచ్ గురించి మీకు తెలుసా, నాకు తెలుసా? మీరేం చదువుకున్నారు?" అనింది. నేను బీకాం చదివినా, నా బిడ్డని పుట్టినప్పటి నుంచి చదవతా ఉన్నా. అదే చెప్పి వాడిని ఎత్తుకుని బయటికి వచ్చేశా. మా ఆయన మర్నాడు పోయి గట్టిగా అడిగితే తెలిసింది, గోడ మీద ఫ్రేమ్ కట్టి పెట్టినవన్నీ ఏవో ఆన్‌లైన్ డిప్లొమాలు. స్పీచ్ థెరపిస్ట్ అంటే బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాటల సమస్యల మీద డిగ్రీ) లాంటి కోర్సు చదివి, 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యి నంబరు ఉండాలి. ఆమెకి ఆ నంబరు లేదు. డబ్బులు రూపాయి కూడా వెనక్కి ఇవ్వలా. కాబట్టి ఎక్కడికి పోయినా ముందు ఆ నంబరు అడగండి, మొహమాటపడొద్దు, అడిగితే చిరాకు పడేవాళ్ళ దగ్గర నుంచి అట్నుంచటే వచ్చేయండి.

తర్వాత తెలిసినవాళ్ళు చెబితే నెల్లూరులో ఇంకొకావిడ దగ్గరికి పోయినాం. ఏసీ లేదు, చాప వేసుంది. మొదటి రోజే "అమ్మా, మీరూ లోపలికి రండి, వాడితో గంట సేపు ఉండేది నేను, మిగతా రోజంతా ఉండేది మీరు, నేర్చుకోవాల్సింది మీరే" అన్నారు. "దయచేసి వినండి" సంగతి చెప్పినా. ఆవిడ నవ్వి వాడి తల నిమిరి "భలే అడుగుతున్నాడే" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

విన్న మాటలు అట్టాగే దించడాన్ని ఎకోలేలియా అంటారంట. 1943లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి మొదటిసారి రాసినప్పుడే ఇది కూడా రాసినాడు. చాలా ఏళ్ళు దాన్ని పిచ్చి మాటలు అనుకుని మాన్పించేవాళ్ళంట, 1980ల్లో బారీ ప్రైజాంట్ అనే స్పీచ్ నిపుణుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు పిల్లల్ని గమనించి, అడగడానికి, అవుననడానికి, వద్దనడానికి, తమని తాము సముదాయించుకోడానికి కూడా పిల్లలు దాన్ని వాడతారని చూపించినారు. అంటే 40 ఏళ్ళ కిందటే తేలిన సంగతి, మా దగ్గర లక్షలు గుంజిన మనిషికి తెలియదు! వాడు "దయచేసి వినండి" అంటే నోరు ముయ్యించకుండా, "బయటికి పోదాం" అని మనం అని తలుపు తియ్యాలి. అంతే. రోజూ అదే. కొన్నాళ్ళకి "దయచేసి వినండి బయటికి పోదాం" అన్నాడు, ఇంకొన్నాళ్ళకి ముందు ముక్క ఊడిపోయింది.

ఇంకోటి. దాహమేస్తే వాడు "నీళ్ళు తాగుతావా?" అని మమ్మల్నే అడిగేవాడు, మేం వాడిని అడిగేది అదే కాబట్టి. ఆవిడ ఏం చెప్పినారంటే ప్రశ్నలు తగ్గించండి, వాడు ఏం అనాలో అదే మీరు అనండి అని. గ్లాసు పట్టుకుని "నీళ్ళు కావాలి" అని ఆగాలి. ఆ ఆగడం చాలా కష్టమబ్బా, మనకి గబగబా ఇచ్చేయాలనిపిస్తుంది. మనసులో పది లెక్కపెట్టుకుని, వాడి మొహంలోకి చూస్తా, ఇదిగో అడుగు అన్నట్టు కనుబొమలు ఎత్తి కూర్చోవాలి. వాడు చూసినా చాలు, చెయ్యి చాపినా చాలు, వెంటనే ఇచ్చెయ్యాలి. మాట అంటేగానీ ఇవ్వను అని ఏడిపించకూడదు, ఆ యాపిల్ మేడం చేసింది అదే.

సొంతంగా మొదటి మాట వచ్చింది మాత్రం గుంటల కాడ. వాడికి ఏరియేటర్లంటే ప్రాణం, ఆ చక్రాలు తిరిగి నీళ్ళు చిమ్ముతా ఉంటే గట్టు మీద గంటలు గంటలు నిలబడతాడు. వాడికి ఇష్టమైన దాంట్లోనే దూరండి అని చెప్పినారు కదా అని, ఒక చిన్న చక్రం బొమ్మ తెచ్చి నేను "తిరుగూ..." అని తిప్పడం, ఆగిపోయినాక ఊరికే కూర్చోవడం, ఇదే ఆట. ఒకరోజు మా ఆయన మోటారు ఆపినారు, చక్రం ఆగింది. వాడు చక్రం వంక చూసి, వెనక్కి తిరిగి నా మొహం చూసి, "తిరుగూ" అన్నాడు. వేలు కూడా పెట్టినాడు! నాకు మాట కంటే ఆ వేలే ఎక్కువ. మా ఆయన పరిగెత్తుకుంటా పోయి స్విచ్ వేశారు, ఆరోజు కరెంటు బిల్లు ఎవరు చూసినారు.

బొమ్మల కార్డులు కూడా వాడినాం. వాడితే పిల్లోడు బద్ధకించి మాట్లాడడు అని పాత సెంటర్లో భయపెట్టినారు, అది శుద్ధ అబద్ధం. కార్డులు, సైగలు వాడినందువల్ల మాట తగ్గిపోయిన పిల్లోడు ఒక్కడూ కనపడలేదని 2006లోనే పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు రాసినారు. నేను కొన్నవి కాకుండా మా ఇంటి చెంబు, మా బండి, మా తలుపు ఫోటోలు తీసి ప్రింటు తీయించి లామినేషన్ చేయించినా, ఇప్పుడు ఆవిడ నా కార్డులే మిగతా తల్లులకి చూపిస్తా ఉన్నారు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఐదేళ్ళ లోపు రాకపోతే ఇక రావంట కదా అని ఆవిడని అడిగినా ఒకసారి. 2013లో వచ్చిన ఒక అమెరికా స్టడీ చెప్పినారు, నాలుగేళ్ళకి మాటలు బాగా వెనకబడి ఉన్న 535 మంది ఆటిజం పిల్లల్ని చూస్తే ఎనిమిదేళ్ళకో ఆ తర్వాతో 70 శాతం మంది చిన్న చిన్న వాక్యాలు అంటున్నారంట, సగానికి కాస్త తక్కువ మంది ధారాళంగా మాట్లాడుతున్నారంట. మిగతా పిల్లలకి కార్డులు, ఫోన్లో మాట్లాడే యాప్‌లు ఉన్నాయి, వాళ్ళూ చెప్పుకోగలరు. గ్యారంటీ మాత్రం ఎవ్వరూ ఇవ్వలేరు. స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లతో నయం చేస్తామని ఫోన్లు చేస్తారు, ఆటిజానికి దాన్ని చికిత్సగా ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ఒప్పుకోలేదు, ఫోన్ పెట్టేయండి.

సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్యం ఎంతుందో రాసిచ్చే కాగితానికి, సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని పోయినాం, క్యూ తప్ప పెద్ద ఇబ్బంది లేదు. ఆటిజం ఎంతుందో కొలవడానికి ఇసా అని 40 అంశాల స్కేలు ఉంటుంది, దాంతో చూస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, 40 శాతం గానీ ఆ పైన గానీ వస్తే పెన్షన్‌కి అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ అనే ఆరోగ్య ఇన్సూరెన్స్ లక్ష రూపాయల వరకు ఉంటుంది, అది కూడా కట్టుకోండి. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లోడి మీద ముద్ర పడుద్ది అని మా చిన్నమామ రెండు రోజులు పోట్లాడినాడు, ఆయన ఒక్క థెరపీ ఫీజు కట్టలేదు కాబట్టి నేను వినలా. డబ్బులు లేనివాళ్ళు నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (వికలాంగుల కోసం పెట్టిన కేంద్రం) ఉంది, సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ కింద నడుస్తుంది, ముందు అక్కడ అడగండి. మండలాల్లో ఇట్టాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు వాడు రెండు మూడు మాటలు కలుపుతా ఉన్నాడు. "నేను", "నువ్వు" ఇంకా తారుమారు చేస్తాడు, ఏం జరిగిందో చెప్పమంటే చెప్పలేడు, ఎందుకు అనే ప్రశ్నకి జవాబు రాదు, కొత్త చోటుకి పోతే మళ్ళీ స్టేషన్ మైకు మొదలవుద్ది. వచ్చే జూన్‌కి ఎల్‌కేజీలో వెయ్యాలి, రెండు స్కూళ్ళు చూసినా, ఒకాయన "మాట్లాడడం వచ్చినాక తీసుకురండి" అన్నాడు, ఇంకోచోట టీచరమ్మ నా కార్డులు అడిగి తీసుకుని, వాడి చేతికి చెంబు బొమ్మ ఇచ్చి ఏం చేస్తాడో చూసింది. అక్కడే వేస్తాం.