ఎన్ పలకని కీబోర్డు, ఆరు జాముల యుద్ధం

మా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌ను 2016లో నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో సెకండ్ హ్యాండ్‌గా కొన్నాను. కొన్ననాటికే దానికి నాలుగేళ్లు నిండాయి. ఇప్పుడు దాని బ్యాటరీ ఉన్నా లేనట్టే. ఛార్జరు తీగ కాస్త కదిలినా తెర నల్లబడుతుంది. తెరకు కుడి అంచున పైనుంచి కిందికి ఒక ఆకుపచ్చ గీత శాశ్వతంగా స్థిరపడింది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పక్క గదిలో పిండిమర ఆడుతున్నట్టు ఉంటుంది. కీబోర్డులో ఎన్ అనే ఇంగ్లీషు అక్షరం ఎంత నొక్కినా పలకదు. రెండు జీబీల ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్కు. బాగు చేయించడానికి తీసుకెళ్తే మెకానిక్ దాన్ని తిరగేసి, మూత విప్పి చూసి, "అన్నా, దీని మీద పెట్టే దుడ్లకు ఇంకోటి వస్తాది" అన్నాడు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. అయినా నేను నాలుగేళ్లకు పైగా ఈ యంత్రం మీదే ఒక రాజ్యం కోసం యుద్ధం చేస్తూ వస్తున్నాను.

ఆ యుద్ధం పేరు బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్. డేవిడ్ వైట్ అనే ఆయన మొదలుపెట్టగా 2003లో తొలిసారి విడుదలైన ఈ ఆటను ఆ తరువాత ఎందరో స్వచ్ఛందంగా పెంచి పెద్ద చేశారు. రూపాయి పెట్టనక్కరలేదు, దాని మూలకోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంటుంది. పటమంతా ఆరు భుజాల గడులు. అడవి, కొండ, ఇసుక, నీరు, కోట, ఊరు వంటి ఏదో ఒక నేల ప్రతి గడిలోనూ ఉంటుంది. మన వంతు వచ్చినప్పుడు మన మనుషులను కదుపుతాము, వంతు ముగించాక శత్రువు కదుపుతాడు. మనం ఎంతసేపు ఆలోచించినా అడిగేవారుండరు. నా ల్యాప్‌టాప్ వంటి యంత్రానికి ఇదే సరిపడే ఆట, ఎందుకంటే ఇది వేగాన్ని కోరదు. మా అక్క కొడుకు సెల్‌ఫోనులో ఆడే తుపాకుల ఆట అరక్షణం ఆగితే మనిషి చచ్చిపోతాడు. ఇందులో యంత్రం పది నిమిషాలు బిగుసుకుపోయినా శత్రువులైన ఓర్కులనే రాక్షసజాతి వాళ్లు తమ గడుల్లోనే నిలబడి నాకోసం ఎదురుచూస్తుంటారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం కాలం లెక్క. మన ఎనిమిది జాముల పద్ధతి కాదు గానీ, ఈ ఆటలో రోజును ఆరు భాగాలు చేశారు: తెల్లవారు వేళ, ఉదయం, మధ్యాహ్నం, మునిమాపు, రాత్రి మొదటి జాము, రెండవ జాము. ఒక్కొక్క వంతుకు ఒక్కొక్క భాగం గడుస్తుంది. మాంత్రికులు, బల్లెం పట్టిన మానవ సైనికులు పగటిపూట 25 శాతం ఎక్కువ బలంతో కొడతారు, రాత్రివేళ అంతే తగ్గుతారు. ఓర్కులకు, లేచివచ్చిన అస్థిపంజరాలకు ఇది తలకిందులు. అడవుల్లో ఉండే ఎల్ఫులనే జాతివారికి పగలైనా రాత్రైనా ఒకటే. కాబట్టి శత్రువు మీదికి ఎప్పుడు పోవాలి, ఎప్పుడు వెనక్కి జరిగి అడవిలో తలదాచుకోవాలి అన్నదే అసలు విద్య. రైస్‌మిల్లులో లెక్కలు రాసే నాకు ఇది తెలియని విద్య కాదు. పుట్టికి 850 కిలోల చొప్పున వడ్లు కొనేవాడు కూడా ఎప్పుడు ముందుకు పోవాలో, ఎప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోవాలో చూసుకుంటాడు.

ముందుగా వేడి సంగతి చెబుతాను. మొదట్లో ఆట తెరిచిన ఇరవై నిమిషాలకు ల్యాప్‌టాప్ చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. ప్రాసెసరు కాలిపోకుండా యంత్రం తనను తాను కాపాడుకోవడానికి చేసే పని అది. మూత విప్పి చూస్తే ఫ్యాను రెక్కల వెనక, గాలి బయటికి పోయే సన్నని రేకుల మధ్య, దుమ్ము కంబళి ముక్కలా అట్టగట్టి ఉంది. మిల్లు ఊక దుమ్ము నా చొక్కాతోపాటు ఇంటికి వచ్చి అక్కడ చేరిందని నా అనుమానం. దాన్ని పాత బ్రష్షుతో తీసేసి, ప్రాసెసరు మీద ఎండి పెళుసైన పేస్టును గీకి కొత్తది పూశాను. ఆపైన ఆటలోని సెట్టింగులకు వెళ్లి, పటంలో నీళ్లు కదలడం, ఊరికే నిలబడ్డ సైనికులు కత్తులు తిప్పుకోవడం, సంగీతం, అన్నీ ఆపేశాను. శత్రువు కదలికలను చూపకుండా దాటవేసే ఏర్పాటు కూడా ఉంది కానీ, దాన్ని మాత్రం పెట్టుకోలేదు. ఎవడు ఎటునుంచి వచ్చి కొట్టాడో చూడకపోతే ఇక ఆడడం దేనికి? ఇవన్నీ చేశాక కూడా మే నెలలో సరిపోలేదు. పీట మీద రెండు చెక్కముక్కలు పెట్టి, వాటిమీద ల్యాప్‌టాప్‌ను నిలిపి, శత్రువు వంతు నడుస్తున్నంతసేపూ తాటాకు విసనకర్రతో దాని పక్కన విసిరేవాడిని. మా అమ్మ గడపలో నిలబడి కాసేపు చూసి, "ఏందబ్బయ్యా, దానికేమన్నా జొరమొచ్చిందా, అట్టా విసరతా కూర్చోనుండావు?" అని అడిగింది. నిజానికి అది జ్వరమే.

కరెంటు సంగతి ఇంతకన్నా పెద్దది. మేముండేది కోవూరులో. ఇంట్లో ఇన్వర్టరు ఉంది కాబట్టి కరెంటు పోయినా ఇబ్బంది ఉండదనుకున్నాను. తీరా చూస్తే కరెంటు పోయిన ప్రతిసారీ ట్యూబులైటు ఒక్క రెప్పపాటు ఆగి వెలిగేది, ల్యాప్‌టాప్ మాత్రం ఆ రెప్పపాటులోనే ప్రాణం వదిలేది. బ్యాటరీ బాగుంటే ఆ సందును అదే పూడ్చేది. ఇక్కడ ఆట నన్ను చాలాసార్లు ఆదుకుంది, ప్రతి వంతు మొదట్లోనూ అప్పటిదాకా సాగిన ఆటనంతా అది తనంతట తానే ఒక సేవ్ ఫైలులో రాసి పెట్టుకుంటుంది. ఒకసారి సరిగ్గా ఆ ఫైలు రాస్తున్న క్షణంలోనే కరెంటు పోయింది. మళ్లీ తెరిచి చూస్తే ఫైలు పేరు ఉంది గాని దాని పరిమాణం సున్నా. దానికి ముందు వంతుది మిగిలి ఉండబట్టి సరిపోయింది, పోయింది ఒక వంతు ఆటే.

ఏడాది పొడవునా ఇలా పడ్డాక, ఒక ఆదివారం ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తూ వంగినప్పుడు దాని వెనక, గోడ వైపు, చిటికెన వేలి గోరంత మీట ఒకటి కనిపించింది. ఒకవైపు నార్మల్ అనీ మరోవైపు యూపీఎస్ అనీ రాసి ఉంది. కొన్ననాటి నుంచి అది నార్మల్ వైపే ఉంది; మాకు బిగించిన మనిషి దాని గురించి చెప్పలేదు, మేము అడగలేదు. యూపీఎస్ వైపు జరిపాక కరెంటు నుంచి బ్యాటరీకి మారే వ్యవధి ఎంత తగ్గిందంటే, మెయిన్ స్విచ్చి ఆపి పరీక్షిస్తే ల్యాప్‌టాప్ చలించలేదు. ఆ రోజు నేను పొందిన ఆనందం ఆటలో ఏ కోటను గెలిచినప్పుడూ పొందలేదు. అయితే దీనికీ ఒక మెలిక ఉంది. ఆ పద్ధతిలో ఇన్వర్టరు వోల్టేజీ విషయంలో పట్టుదలగా ఉంటుంది. సుమారు 180 వోల్టుల కన్నా తగ్గితే కరెంటు ఉన్నా లేనట్టే లెక్కించి బ్యాటరీ మీదికి పోతుంది. నాట్ల కాలంలో మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళల్లో మా వీధికి వోల్టేజీ దిగుతుంది. ఆ వేళల్లో ఆడితే రాత్రికి ఫ్యాన్లకు బ్యాటరీ మిగలదు, నిద్ర పట్టని మా ఆవిడ మాటలు పడాల్సివస్తుంది. కాబట్టి ఆట రాత్రి తొమ్మిదిన్నర తరువాతికి జరిగింది.

ఎన్ అక్షరం మాట చెప్పకపోతే కథ పూర్తి కాదు. ఈ ఆటలో ఇంకా కదలని సైనికుడి దగ్గరికి మనల్ని తీసుకుపోయే మీట అదే. అది లేకపోవడంతో ఎవరు కదిలారో ఎవరు మిగిలారో తెలియక, ఒకసారి ఒక వైద్యురాలిని మూడు వంతులు నది ఒడ్డునే మరచిపోయాను. ఆ పనిని వేరే మీటకు మార్చుకోవచ్చునని ఆరు నెలలకు తెలిసింది, అప్పటికి వరుసగా తలలు లెక్కపెట్టడం అలవాటైపోయింది. సైనికులకు మనకు నచ్చిన పేర్లు కూడా పెట్టుకోవచ్చు. నా దగ్గర మొదటి పోరాటం నుంచి బతికి, అనుభవంతో ఒక మెట్టు పైకెక్కిన ఎల్ఫు విలుకాడు ఒకడుండేవాడు. మన జిల్లాలో మనుషులు పెట్టుకునే పేరే పెట్టాలని ఇంగ్లీషు అక్షరాల్లో పెంచలయ్య అని కొడితే, ఎన్ పడక, తెరమీద పెచలయ్య అయ్యాడు. అలాగే ఉంచేశాను.

ఆ పెచలయ్య పోయిన రాత్రి నుంచే నాకు ఈ ఆట ఆడడం వచ్చిందని అనుకుంటాను. నేను ఆడుతున్నది ఎయిర్ టు ది థ్రోన్ అనే కథ. ఎల్ఫుల పెంపకంలో ఎదిగిన కాన్రాడ్ అనే రాకుమారుడు, అతని గురువైన ముసలి మాంత్రికుడు డెల్ఫాడార్, వీరిద్దరిలో ఎవరు చనిపోయినా ఆట ముగుస్తుంది. మిగిలినవారు చనిపోతే ఆట సాగుతుంది కాని వారు ఇక రారు. కథలో ఒక చోట ముత్యాల అఖాతం వస్తుంది. సముద్రపు మనుషులను ఓర్కులు బానిసలుగా పట్టి ముత్యాలు తీయిస్తుంటారు, వారిని విడిపించాలి. రాత్రి మొదటి జాము. ఊరి గడిలో గాయపడి నిలిచిన పెచలయ్యకు 11 పాయింట్ల ప్రాణం మిగిలింది. ఎదురుగా ఉన్న ఓర్కుకు మిగిలింది ఐదే. నా మాంత్రికుడి దెబ్బ పగలూ రాత్రీ కాని వేళ ఏడు. రాత్రి కాబట్టి ఐదుకు దిగుతుంది, అయినా ఒక్కటి తగిలితే చాలు. మాంత్రికుడికి మూడు దెబ్బలు, ఒక్కొక్కటి తగిలే అవకాశం 70 శాతం. మూడూ తప్పిపోయే అవకాశం నూటికి మూడు కూడా లేదు. మూడూ తప్పాయి. తరువాత ఓర్కు వంతు: మామూలుగా తొమ్మిది ఉండే దాని దెబ్బ రాత్రి బలంతో 11 అవుతుంది. మొదటి వేటు తప్పింది, రెండవది తగిలింది.

ఇటువంటి చోట అందరూ చేసే పని ఒకటుంది: వెంటనే పాత సేవ్ తెరిచి, మాంత్రికుడి చేత మళ్లీ కొట్టించడం. నేనూ అంతవరకు అదే చేసేవాడిని. ఆ రోజు కూడా తెరవబోయాను. నా హార్డ్ డిస్కు మీద ఒక సేవ్ తెరుచుకుని పటం కనపడాలంటే నాలుగు నిమిషాలు. టంగ్ టంగ్ మని డిస్కు కొట్టుకుంటుండగా విసనకర్ర పట్టుకుని కూర్చుని, అసలు తప్పు ఎక్కడ జరిగిందని ఆలోచించాను. మాంత్రికుడిది కాదు. చీకటి పడబోతోందని తెలిసీ, 11 ప్రాణంతో ఉన్నవాడిని ముందు వరసలో, వెనక్కి దారి లేకుండా నిలిపినవాడిని నేను. ఆ సేవ్‌ను మధ్యలోనే ఆపేసి, పెచలయ్య లేకుండానే ఆట కొనసాగించాను. ఆ నాలుగు నిమిషాల ఖర్చు లేకపోయి ఉంటే పది సార్లు కొట్టించి పదకొండోసారి గెలిచి, ఏమీ నేర్చుకోకుండా ముందుకు పోయేవాడిని. మా అక్క కొడుక్కి ఈ మాట చెబితే, "మామా, నువ్వు మిషిను బాగలేదని దానికి వేదాంతం చెప్తుండావు" అన్నాడు. వాడి మాటా కొట్టివేయదగింది కాదు. అయినా అప్పటినుంచి నేను మునిమాపు వేళకే గాయపడ్డవారిని వెనక్కి పంపిస్తున్నాను, చచ్చేవారి సంఖ్య స్పష్టంగా తగ్గింది.

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి కోసుకుపోయినప్పుడు, ఆటకు కొన్ని వారాలు విరామం వచ్చింది. అప్పుడు మా మనసులు ఆటలో లేవు, దాని గురించి ఇంతకన్నా రాయడం సబబు కాదు.

అసలు దెబ్బ నా తొందరపాటు వల్లే తగిలింది. ల్యాప్‌టాప్‌లో లుబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 20.04 తరం ఉండేది, 2023లో దాని మద్దతు ముగిసింది. ఒక పోరాటం సగంలో ఉండగానే 22.04కు మార్చాను. దాంతోపాటు ఆట కూడా 1.14 నుంచి 1.16కు మారింది. ఒక తరం సేవ్ ఫైళ్లు మరో తరంలో, అందులోనూ పోరాటం మధ్యలో రాసినవి, తెరుచుకుంటాయన్న హామీ లేదు. మొదలుపెట్టిన కథను ముగించి మారడమే క్షేమం. నాకది తెలిసిన విషయమే. తెలిసీ, ఒక శనివారం సాయంత్రం వోల్టేజీ బాగుందన్న ఉత్సాహంలో చేసేశాను. రెండేళ్ల సైన్యం, పేర్లు పెట్టుకున్న తొమ్మిదిమంది, పోగుచేసిన బంగారం, ఏదీ తెరుచుకోలేదు. పాత తరాన్ని మళ్లీ ఎక్కించే మార్గాలు ఉన్నాయి. ఒక రాత్రి ప్రయత్నించి, ఎక్కడో లైబ్రరీల దగ్గర చిక్కుపడి, వదిలేశాను.

మళ్లీ మొదటి పోరాటం నుంచి మొదలుపెట్టాను. చుట్టుముట్టిన ఓర్కుల మధ్య నుంచి కాన్రాడ్‌ను వాయవ్య మూలన ఉన్న దారిస్తంభం దాకా తప్పించడం, ఓడ వచ్చేదాకా రేవును నిలబెట్టుకోవడం, అన్నీ ఇంకోసారి. ఇప్పుడు ఆ దారి నాకు మిల్లు నుంచి ఇంటికి వచ్చే దారంత తెలుసు. ఈ రాత్రికి మళ్లీ ముత్యాల అఖాతం దగ్గరున్నాను. ఈసారి విలుకాడికి సుబ్బయ్య అని పేరు పెట్టాను, అందులో ఎన్ లేదు. గాయపడి ఉన్నాడు గాని రెండు గడులు వెనక, అడవిలో ఉన్నాడు. ఇప్పుడు రాత్రి రెండవ జాము. ఇంకొక్క వంతుకు తెల్లవారుతుంది.