కొండెక్కకుండా తిరుపతి

తిరుపతికి ఒంటరిగా వెళ్ళేవాడికి మొదటి ఇబ్బంది గది దగ్గరే. రైల్వే స్టేషన్ ఎదురు సందుల్లో లాడ్జీలకు కరువేం లేదు. కానీ వీపున బ్యాగు తగిలించుకుని ఒక్కడే వెళ్ళి నిలబడితే కౌంటర్ వెనక మొహాలు మారిపోతాయి. "సింగిల్‌కు ఇయ్యం సామీ" అని ఒకరు, "ఫ్యామిలీ వెనకాల వస్తా ఉండారా?" అని ఇంకొకరు. వాళ్ళ భయం నాకు తెలియంది కాదు. గదిలో ఏదైనా జరగరానిది జరిగితే పోలీసులు, కేసు, తిరగడం అంతా వాళ్ళకే. చివరికి ఓ చిన్న లాడ్జీ పెద్దాయన నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంటికి ఫోన్ చేయించి, మా అమ్మతో మాట్లాడాకే తాళం ఇచ్చాడు. అమ్మ నాకంటే ఆయనతోనే ఎక్కువసేపు మాట్లాడింది.

"దర్శనం టికెట్ ఉందా?" అనడిగాడు. లేదు, ఈసారి కొండకు పోవట్లేదు, ఊరు చూద్దామని వచ్చా అన్నాను. ఆయన నమ్మలేదు. "ఊర్లో చూసేదానికి ఏముండాది సామీ? అందురూ కొండకే కదా వచ్చేది!" ఆ తర్వాత టీకొట్టు దగ్గరా, ఆటోలోనూ ఇదే మాట. వాళ్ళననుకుని ఏం లాభం? చిన్నప్పటి నుంచి మా ఇంటి వరసా ఇదే. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ దిగడం, కొండబస్సు ఎక్కడం, గుండు, క్యూ, లడ్డూలు, మళ్ళీ రైలు. తిరుపతి ఊరంటే మాకు మధ్యలో సామాన్లు మోసుకుంటూ దాటే రోడ్డు, అంతే.

స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడికి నడిచే వెళ్ళొచ్చు. ఊరు పెరిగింది ఈ గుడి చుట్టూతానే. 1130లో రామానుజాచార్యులు స్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారని చెబుతారు. బయటి ఏడంతస్తుల గోపురం ఈ ప్రాంతాన్నేలిన మట్లి అనంతరాజు కట్టించింది. గోపురం కింద నడిచేటప్పుడు ఒక్క నిమిషం ఆగి గోడలు చూస్తే ఆ అనంతరాజు, ఆయన ముగ్గురు రాణులు కనిపిస్తారు. నేను ఆగినందుకు వెనకనుంచి "జరుగు సామీ, జరుగు" అని రెండు మోచేతులు తగిలాయి. ఇక్కడ రద్దీలో నిలబడి చూడటమే పెద్ద నేరం.

లోపల స్వామి శేషుడి మీద పడుకుని ఉంటాడు. నా ముందున్న అవ్వ మనవడికి ఆ కథ చెబుతోంది. తమ్ముడు వెంకన్న పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు కదా, ఆ అప్పు తీర్చే కాసులు అన్న గోవిందరాజులే కుంచంతో కొలవాలి. కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కుంచమే తలకింద పెట్టుకుని పడుకున్నాడు. "మరి అప్పు తీరిందా అవ్వా?" అన్నాడు వాడు. "యాడ తీరుతుందిరా, వడ్డీకే సరిపోతాంది" అంది అవ్వ. క్యూలో ముందూ వెనకా అందరూ నవ్వారు.

బయట వీధిలో ఓ గంట ఊరికే నిలబడ్డా. కొండ దిగి వచ్చినవాళ్ళ గుండ్లకు చందనం ఇంకా పచ్చిగానే ఉంది. టోపీలమ్మే కుర్రాడు పొడుగాటి కర్రకు టోపీలన్నీ గుచ్చి తిరుగుతున్నాడు. కొత్త గుండు కనబడితే చాలు, అడక్కుండానే ఓ టోపీ తీసి తలకు పెట్టేస్తాడు. సరిపోతే ఇక తీయబుద్ధి కాదు, బేరం అక్కడే మొదలవుతుంది. పక్కనే ఒకాయన ఇత్తడి అచ్చును తెల్లటి ముద్దలో ముంచి పిల్లల నుదుట టక్కున ఒత్తుతున్నాడు. మధ్యలో ఎర్రగీత మాత్రం పుల్లతో తనే దిద్దుతాడు. ఆ ఒక్క గీతకు ఊపిరి బిగబడతాడు. నన్నూ వదల్లేదు. పది రూపాయలు.

కొండ అడుగున జలపాతం, శివుడి గుడి ఉన్న కపిలతీర్థానికి కార్తీకంలో వెళ్ళడం నా అదృష్టం. ఎండాకాలంలో అక్కడ సన్నటి ధారే మిగులుతుంది. ఈసారి వానలు బాగా పడటంతో కొండమీంచి నీళ్ళు గట్టిగానే దూకుతున్నాయి. జనం మాత్రం ఇసకేస్తే రాలనంత మంది. స్నానం ఆలోచన మానుకుని కోనేటి పక్క రాతి మండపంలో కాసేపు కూర్చుని వచ్చేశా.

అసలు సంగతి చంద్రగిరి. తిరుపతికి పది పన్నెండు కిలోమీటర్లే, కానీ ఇన్నేళ్ళలో మావాళ్ళెవరూ ఆ పేరే ఎత్తలేదు. బస్సు ఊళ్ళో దింపుతుంది, అక్కడినుంచి కోటకు షేర్ ఆటో. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు ముందు పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి రాజధాని మార్చుకున్నారు. ఓడిపోయిన రాజ్యం కదా, శిథిలాలే ఉంటాయనుకుంటూ వెళ్తే మూడంతస్తుల రాజమహల్ నిక్షేపంగా నిలబడి ఉంది. కింద కమానులన్నీ సుల్తానుల పద్ధతి, పైన శిఖరాలు మన గుడిగోపురాల తీరు. మొత్తం కట్టడంలో కలప వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే. లోపలికి అడుగుపెడితే బావిలోకి దిగినంత చల్లన. పక్కన రాణీమహల్ కూడా ఉంది గానీ, దాని కింది అంతస్తు చూస్తే నాకు రాణులకంటే గుర్రాలే ఉండేవేమో అనిపించింది.

చంద్రగిరి రాజుల ఏలుబడి సాగుతుండగానే, 1639లో, వాళ్ళ సామంతుడు దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి సముద్రం ఒడ్డున కోట కట్టుకోవడానికి చోటిచ్చాడు. ఆ చోటే తర్వాత మద్రాసయింది. అంత కథలో భాగమైన కోటలో నేను వెళ్ళినప్పుడు ఉన్నది ఓ కాలేజీ బ్యాచ్, రెండు కుటుంబాలు. రాజమహల్‌లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి వెళ్ళండి. గండికోట, యాగంటి, గుడిమల్లం నుంచి తెచ్చిన విగ్రహాలు లోపల ఉన్నాయి. చూసేవాళ్ళు తక్కువ కాబట్టి ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడినా జరగమనేవాడు లేడు.

రాత్రి బస్టాండు దగ్గర రాగిసంగటి, నాటుకోడి పులుసు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. దాని గురించి ఇంకేం చెప్పను, తినాలంతే.

గుడిమల్లం కూడా చూసి రావాలనుకున్నా. క్రీస్తుపూర్వం నాటిదని చెప్పే శివలింగం, దాని మీదే నిలబడ్డ శివుడి రూపం, అదీ ఊరికింత దగ్గర్లో. పాపానాయుడుపేట వైపు వెళ్ళాలి. బస్సులు తక్కువ, ఆటోవాడు రానూ పోనూ మొత్తం బాడుగ అడిగాడు. "ఇంకో ముగ్గుర్ని పిల్చుకో సామీ, గిట్టుబాటవుతుంది" అన్నాడు. ముగ్గురు దొరకలేదు. ఈసారి మా తమ్ముణ్ణి లాక్కెళ్ళాలి. అప్పుడు లాడ్జీ గదికీ అడ్డుండదు.